వేలం ప్రకటనల్లో ఒక కుటుంబం

ఇంగ్లండ్ పల్లెల్లో పాత రైతు కుటుంబాల జాడ తీసేవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం. అక్కడ జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది, జనాభా లెక్కలేమో పదేళ్లకోసారి. ఆ మధ్యలో కౌలురైతు ఊరు మారితే పత్రికా ప్రకటనలే దిక్కు.

నార్ఫోక్ క్రానికల్ లాంటి పత్రికల పాత సెప్టెంబరు సంచికలు చూడండి. చాలా కౌళ్లు మైకెల్మస్ పండుగతో, అంటే సెప్టెంబరు 29తో ముగిసేవి. అందుకే వేలం ప్రకటనలు ఆ రోజుల్లో వరసగా పడేవి. ఫలానా రైతు పొలం వదులుతున్నాడు. గుర్రాలు, పాడి ఆవులు, బళ్లు, నాగళ్లు, వెన్న చిలికే సామాను, ఆఖరికి మంచాలు, పరుపులు కూడా అమ్మకానికి ఉన్నాయి. మామూలు కంటికి అది సామాన్ల జాబితా. జాడ తీసేవాళ్లు మాత్రం గుర్రాల సంఖ్యను బట్టి దుక్కి ఎంతో అంచనా కడతారు, వెన్న సామాను బట్టి ఇంటి ఆడవాళ్ల చాకిరీ పోల్చుకుంటారు. మరణించిన రైతు తరఫున అమ్మకమని ఉంటే వెంటనే చర్చి ఖనన రిజిస్టరు తీస్తారు. అన్నదమ్ములు ఉమ్మడి వ్యాపారం రద్దు చేసుకుంటే ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్ చూస్తారు.

ఇప్పుడు ఈ పత్రికలెన్నో కంప్యూటర్‌లో దొరుకుతున్నాయి. అయితే 1800కు ముందరి అచ్చులో పొడుగాటి ‘ఎస్’ను యంత్రం తరచూ ‘ఎఫ్’గా చదువుతుంది, ఇంటిపేరు తారుమారవుతుంది. అనుభవజ్ఞులు అప్పుడు ఇంటిపేరు వదిలేసి పొలం పేరుతో, పక్క ఊరి పేరుతో, వేలందారు పేరుతో వెతుకుతారు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.