మట్టగిడస: ఎండే కుంటలో బతికే చేప

మట్టగిడస కొర్రమీను కుటుంబానికి చెందిన చిన్న మంచినీటి చేప. శాస్త్రీయ నామం చన్నా పంక్టేటా. జర్మన్ శాస్త్రవేత్త మార్కస్ బ్లాక్ 1793లో దీన్ని తొలిసారి వర్ణించాడు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను మీటరు దాకా పెరగగలదు. మట్టగిడస సాధారణంగా జానెడు దాటదు. చదునైన తల, దానిమీద పెద్ద పొలుసులు, తల వెనక నుంచి తోక దగ్గరి దాకా సాగే వీపు రెక్క, ఒంటినిండా నల్లటి చుక్కలు దీని గుర్తులు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాల్లో నీరు ఏడాది పొడవునా ఒక్క తీరుగా ఉండదు. పానగల్లు ఉదయసముద్రం వంటి పెద్ద చెరువులకు కృష్ణా నీళ్లు అందుతున్నా, ఊరి కుంటలకు చాలాచోట్ల వానే ఆధారం. ఎండలు ముదిరేసరికి అవి బురదగుంటలవుతాయి. ఆ బురదగుంటల్లోనూ మట్టగిడస బతుకుతుంది. మొప్పల పైభాగాన ఉన్న ప్రత్యేక గదులతో ఇది గాలిని నేరుగా పీల్చుకుంటుంది. కదలని నీటిలో కాసేపు చూస్తే, మూతి పైకెత్తి గాలి అందుకుని చటుక్కున కిందికి జారడం కనిపిస్తుంది. పైకి రానీయకుండా అడ్డుకుంటే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు బయటా బతకగలదు గనుకే సంతలో దీన్ని ప్రాణంతో అమ్ముతారు.

వానలు పడి కుంటలు నిండాక, తుంగ, నాచు మొలిచిన లోతు తక్కువ అంచుల్లో గుడ్లు పెడుతుంది. నూనె బొట్లున్న ఆ గుడ్లు నీటిపై తేలతాయి. వాటికి, గుంపుగా తిరిగే పిల్లలకు తల్లిదండ్రులే కాపలా. పురుగులు, రొయ్యలు, కప్పపిల్లలు, చిన్న చేపలు దీని ఆహారం. తక్కువ నీటిలో ఊత బుట్ట వేసి దీన్ని పడతారు.

బొచ్చె, రవ్వు పిల్లలను తింటుందని పెంపకపు చెరువుల నుంచి దీన్ని ఏరివేస్తారు. 1988లో దేశంలోకి వచ్చిన పుండ్ల వ్యాధి కూడా ఈ కుటుంబపు చేపలను బాగా దెబ్బతీసింది. ఇక 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పెద్దయెత్తున సాగిన పూడికతీత చెరువులకు ఎంతో అవసరమైన పని. అయితే అంచులను నున్నగా చెక్కి, తుంగను వేళ్లతో పెకలిస్తే గుడ్లు పెట్టే చోటు పోతుంది. పూడిక తీసేటప్పుడు ఒక పక్క తుంగను, నడుమ వేసవిలోనూ తడి ఆరని ఒక లోతు మడుగును వదిలితే చాలు. మరుసటి వానకు మిగిలిన చేపలే కుంటను మళ్లీ నింపుతాయి. చేప విత్తనం కొనాల్సిన పనిలేదు.