భీమ్ మోచేతి కీలు

ఛోటా భీమ్ కార్టూన్‌ను ఎక్కడో ఒకచోట ఆపి, భీమ్ మోచెయ్యి చూడండి. పైచెయ్యి ఒక ముక్క, ముంజెయ్యి ఇంకో ముక్క. రెండూ కలిసేచోట వాటి చివర్లు గుండ్రంగా ఉండి, ఒక గుండ్రం మీద రెండోది సరిగ్గా కూర్చుంటుంది. అందుకే చెయ్యి ఎంత మడిచినా సందు పడదు, మొన పొడుచుకురాదు. ఒంటిరంగు చదునుగా ఉండటం కూడా ఆ కీలుకు మేలు చేస్తుంది. చేతిమీద దట్టంగా నీడలు దిద్దితే, చెయ్యి తిరిగినప్పుడల్లా ఆ నీడలూ తిరిగి అతుకును బయటపెట్టేస్తాయి.

భుజం, మోచెయ్యి, మణికట్టు, మెడ, నడుము, తుంటి, మోకాలు, చీలమండ. ఈ చోట్లన్నిటా బొమ్మను విడగొట్టి ముక్కలుగా గీస్తారు. ఒక్కో ముక్క ఏ బిందువు చుట్టూ తిరగాలో గుర్తు పెడతారు. తర్వాత అరచేతిని ముంజేతికి, ముంజేతిని పైచేతికి, పైచేతిని మొండేనికి వరసగా తగిలిస్తారు. భుజం తిప్పితే చెయ్యంతా వస్తుంది, మణికట్టు తిప్పితే అరచెయ్యి ఒక్కటే కదులుతుంది. ఈ కూర్పును రిగ్గింగ్ అంటారు, ఇలా ఆడించే పద్ధతిని కటౌట్ యానిమేషన్ అంటారు. కంప్యూటర్లో చేసినా ఇది బొమ్మలాటే.

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు ఈ వరస వెంటనే తెలిసిపోతుంది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, వెలుగు సోకేంత పల్చన చేసి ఆరబెడతారు. బొమ్మ గీసి, చిన్న ఉలులతో నగలకూ అంచులకూ చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. చేతుల్నీ కాళ్ళనూ విడిగా కత్తిరించి, కీళ్ళ దగ్గర దారంతో ముడివేస్తారు. నడుమ నిలువుగా చీల్చిన బద్ద బిగిస్తారు, చేతులకు వేరే పుల్లలుంటాయి. ఏ బొమ్మకు ఎన్ని కీళ్ళు పెట్టాలన్నది అది చేసే పనిని బట్టి ఉంటుంది. నాట్యకత్తె బొమ్మకు మిగతావాటికంటే ఎక్కువ కీళ్ళు కావాలి, ఆమె నడుము తిరగాలి, మెడ ఊగాలి. సభలో కూర్చుని పలికే రాజుకు అన్ని అక్కర్లేదు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ పనిని నిలబెట్టిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. జర్మనీలో లోట్టే రైనిగర్ కూడా ఇలాగే నల్ల కాగితాన్ని కత్తిరించి, కీళ్ళు కట్టి, కిందనుంచి వెలుగు పెట్టి, ఒక్కో ఫ్రేమూ కదిపి తీస్తూ 1926లో 'ప్రిన్స్ అహ్మద్' అనే నిండు నిడివి సినిమానే చేసింది. ఇంత పాత విద్య ఇది.

హైదరాబాదులో రాజీవ్ చిలక 2001లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు. 2008లో పోగో ఛానల్లో ఛోటా భీమ్ మొదలైంది. తెలుగు మాటలతో రావడంతో మా ఈపురుపాలెం మగ్గాల ఇళ్ళలోకీ వచ్చేసింది. మహాభారతంలోని భీముడి పేరు, బలం, తిండి యావ తీసుకుని, ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యంలో ఒక పల్లెపిల్లాడిని చేశారు. అతని బొమ్మలో నాకు బాగా నచ్చేది ఆ కట్టు. పైన చొక్కా లేదు, కింద పొట్టి ధోవతి. చొక్కా చేతులు వేలాడవు, పంచె అంచులు ఎగరవు. కాళ్ళూ చేతులూ కీలు కీలునా విడివిడిగా కనిపిస్తాయి. గుద్దినా, గెంతినా, ఎవర్నైనా ఎత్తి పడేసినా ఆ భంగిమ నీడలా తీసి చూపినా తెలుస్తుంది. పల్లెపిల్లాడి వేషమూ ఆడించేవాడి సౌకర్యమూ ఒకే బొమ్మలో కుదిరిపోయాయి. పక్కనే కాలియా పెద్ద ఆకారం, రాజు అనే పిల్లాడి బుల్లి ఆకారం, చుట్కీ అనే అమ్మాయి, కోతి జగ్గు. అందర్నీ నల్లగా నింపేసి వరసగా నిలబెట్టినా ఎవరెవరో చిన్నపిల్లలు చెప్పేస్తారు. కాలియా వెంట తిరిగే ఢోలూ భోలూ కవలలు. కథలో వాళ్ళు నవ్వు పుట్టించే జంట. పనిలో చూస్తే, ఒక్కసారి కూర్చిన బొమ్మను రెండుసార్లు ఆడించుకునే వీలు.

ఇక కాలం లెక్క. సెకనుకు 24 ఫ్రేములు అనుకుంటే, 11 నిమిషాల కథకు 15,840 ఫ్రేములు కావాలి. గంటన్నర సినిమాకు 1,29,600. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సగం మిగులుతుంది. వారం వారం రావాల్సిన కార్టూన్‌కు అన్నీ కొత్తగా గీయడం కుదరదు. అమెరికాలో 1950ల చివర్లో హానా, బార్బెరా అనే కార్టూన్ దర్శకులు టీవీ కోసం పట్టుకున్న దారి కూడా ఇదే: ఒళ్ళంతా కదపకుండా, కదలాల్సిందే కదపడం. చూసేవాళ్ళు దీన్ని లోటు అనుకుంటారు. నాకు మాత్రం అసలు పనితనం ఇక్కడే కనిపిస్తుంది. చుట్కీ మాట్లాడుతుంటే మిగతా నలుగురూ ఊరికే నిలబడితే దిష్టిబొమ్మల్లా ఉంటారు. అందుకని ఒకరు కళ్ళు ఆర్పుతారు, ఒకరి తల కాస్త వాలుతుంది, జగ్గు తోక ఊగుతుంది. ఎక్కువ కదిలిస్తే చూపు చుట్కీ మీదనుంచి జారిపోతుంది. ఏ క్షణంలో ఎవరిని ఆపాలి, ఎవరిని కదపాలి అన్న ఆ తూకం ఏ యంత్రమూ చెప్పదు.

నోటి పని ఇంకా సూక్ష్మం. మాటలన్నిటికీ కలిపి పదిలోపు నోటి ఆకారాలు గీసి పెట్టుకుంటే సరిపోతుంది. ప, బ, మ లకు పెదవులు మూసుకోవాలి. వ, ఫ లకు కింది పెదవి పైపళ్ళకు తగలాలి. ఆ కు నోరు తెరవాలి, ఊ కు ముడవాలి, ఈ కు సాగాలి. మాట విని, ఏ ఫ్రేములో ఏ ఆకారం రావాలో పెడుతూ పోతారు. మూసిన పెదవులు మాత్రం తప్పకూడదు. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా కన్ను సర్దుకుంటుంది, మ పలికే చోట నోరు తెరిచి ఉంటే పసిపిల్లలకు కూడా తేడాగా ఉంటుంది. హిందీ మాటకు గీసిన నోటిమీద తెలుగు మాట కూర్చేవాళ్ళ కష్టం ఇక్కడే. హిందీ మాటలు చాలావరకు హల్లుమీద ఆగిపోతాయి, మనవి అచ్చుతో ముగుస్తాయి. పాత్ర నోరు మూసేశాక మన మాటకు ఇంకా ఒక అచ్చు మిగిలే ఉంటుంది. కాబట్టి మాటను ముందుకు జరపాలి, పొట్టి చేయాలి, పెదవి కలిసేచోట ప-వర్గపు అక్షరం పడేలా వాక్యం తిప్పాలి. బాగా కుదిరినచోట ఇది అనువాదమన్న సంగతే గుర్తురాదు.

భీమ్ పరుగు సంగతి మా ఊళ్ళో నేతపని తెలిసినవాళ్ళకు చెప్పడం తేలిక. మగ్గం మీద జాకార్డు అట్టలు ఉంటాయి. ఒక్కో అట్టకు కొట్టిన చిల్లుల్ని బట్టి ఏ పడుగుపోగులు లేవాలో తేలుతుంది. అట్టలన్నిటినీ గొలుసులా కుట్టి చుట్టూ తిప్పితే, చివరి అట్ట తర్వాత మళ్ళీ మొదటి అట్ట వచ్చి, అంచులో అదే పువ్వు మళ్ళీ పడుతుంది. భీమ్ పరుగు కూడా అలాంటి చుట్టే. కాలు నేల తాకడం, ఒళ్ళు దిగడం, కాళ్ళు దాటుకోవడం, పైకి లేవడం, మళ్ళీ రెండో కాలితో అదే వరస. చివరి భంగిమ నుంచి మొదటిదానికి తిరిగి వెళ్ళేచోట కుదుపు లేకుండా చూసుకుంటే, ఆ పరుగు ఎంతసేపైనా నడుస్తుంది. కొన్నిసార్లు భీమ్ తెరమధ్యనే ఉంటాడు, వెనక ఢోలక్‌పూర్ పోతుంటుంది. దగ్గరి చెట్లు చకచకా, ఇళ్ళు నిదానంగా, దూరపు కొండలు కదిలీ కదలనట్టు. వేరువేరు పొరల మీద గీసి వేరువేరు వేగాలతో జరపడం వల్లే ఆ లోతు పుడుతుంది.

లడ్డూ గురించి విడిగా చెప్పాలి. ఏ పెద్ద కదలికకైనా ముందు చిన్న ఎదురు కదలిక ఉండాలన్నది యానిమేషన్‌లో మొదటి పాఠాల్లో ఒకటి. ముందుకు గుద్దేవాడు ముందు చెయ్యి వెనక్కి లాగాలి, ఎగిరేవాడు ముందు వంగాలి. చూసేవాడికి రాబోయేది అందాలి. భీమ్ విషయంలో ఈ సన్నాహాన్ని చేతినుంచి కథలోకే తెచ్చేశారు. అతను అలిసిపోతాడు, ఎవరో లడ్డూ విసురుతారు, నోట్లో పడుతుంది, నములుతాడు, ఒంట్లోకి బలం పాకుతుంది. ఆ కాసేపూ శత్రువుకు ఏమీ కాదు, అయినా ఇంటిల్లిపాదికీ ఏం జరగబోతోందో తెలుసు. తర్వాత పడే గుద్దు రెండు మూడు ఫ్రేముల్లో అయిపోయినా చాలు. బరువంతా లడ్డూ దగ్గరే వచ్చేసింది.

టీవీ దాటి సినిమాల వరసలోకి వెళ్తే, 2012 మే 18న థియేటర్లకు వచ్చిన 'కర్స్ ఆఫ్ దమ్యాన్'తో మొదలుపెట్టమంటాను. సోనాపూర్ అనే పాత నగరం, శాపంతో బంధించబడిన దమ్యాన్, కాలంలో వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళి అతన్ని ఆపే భీమ్. కథ కాలంలో వెనక్కి నడవడం వల్ల నేపథ్యాలు గీసేవాళ్ళకు ఒకే ఊరిని రెండు స్థితుల్లో చూపే అవకాశం వచ్చింది. పాడుబడిన నగరం చూశాక కళకళలాడే నగరాన్ని చూపితే, మాటలతో చెప్పకుండానే ఏం పోయిందో తెలుస్తుంది. పెద్ద తెరమీద ముఖం మనిషంత ఎత్తు అవుతుంది. టీవీలో దాగిన అతుకు అక్కడ దాగదు, ఖాళీగా వదిలిన గోడ ఖాళీగానే కనిపిస్తుంది. ఆ పరీక్షకు మొదటిసారి నిలిచిన సినిమాగా దీనిమీద నాకు గౌరవం.

2013లో వచ్చిన 'థ్రోన్ ఆఫ్ బాలి' బొమ్మపరంగా నాకు ఇంకా ఇష్టం. రంగ్‌డా అనే మంత్రగత్తె బాలి ద్వీపపు జానపదంలోంచి వచ్చింది. అక్కడి నాటకాల్లో బరోంగ్‌తో తలపడేది ఆమే. పొడుచుకొచ్చిన కోరలు, మిడిగుడ్లు, వేలాడే నాలుక, చింపిరిజుట్టు. అక్కడివాళ్ళకు అలవాటైన ముసుగులో ఉన్న ఆ భయాన్ని, ఢోలక్‌పూర్ గుండ్రటి పిల్లల పక్కన నిలబెట్టాలి. బాలిలో వాయాంగ్ కూలిత్ పేరుతో తోలుబొమ్మలు ఇప్పటికీ ఆడతారు. కీళ్ళు కట్టిన తోలు, వెనక దీపం, ముందు తెర, ఆడే కథల్లో మహాభారతం. ఆ బంధుత్వం ఎరిగి చూస్తే ఈ సినిమాకు ఇంకో రుచి వస్తుంది.

2019 నాటి 'కుంగ్ ఫూ ధమాకా' త్రీడీలో తీసింది. ఇక్కడ మోచెయ్యి రెండు ముక్కలు కాదు. లోపల ఎముకల్లాంటి కడ్డీలు, పైన ఒకే చర్మం. చర్మంమీది ఒక్కో బిందువు పైచేతి ఎముకను ఎంత వంతున అనుసరించాలో, ముంజేతి ఎముకను ఎంత వంతున అనుసరించాలో ముందే నిర్ణయిస్తారు. మోచేతి మడత దగ్గర సగం సగం, రెండు వైపులకూ జరిగేకొద్దీ ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గుతుంది. వంతులు తప్పితే చెయ్యి మడిచినచోట నలిగి పీక్కుపోతుంది. కెమెరా భీమ్ చుట్టూ తిరగగలదు, అది లాభం. చదును బొమ్మకున్న పదునైన ఆకారం కాస్త మెత్తబడుతుంది, అది నాకు కనిపించే నష్టం. 2024 మే 31న అదే దమ్యాన్ కథను నిజమైన నటులతో తీశారు. కార్టూన్ చూసి ఉంటే, బొమ్మ తేలిగ్గా చేసిన పని మనిషి ఒంటితో చేయించడం ఎంత కష్టమో పోల్చుకోవడానికి బాగుంటుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో 2019లో మొదలైన 'మైటీ లిటిల్ భీమ్'ను నేను అన్నిటికంటే పైన పెడతాను. ఇందులో భీమ్ ఇంకా పాకే పసివాడు, సంభాషణల్లేవు. నోటి ఆకారాల పట్టికతో పని లేకపోయింది. కథ చెప్పే బరువంతా కళ్ళమీదా, చేతులమీదా, ఆగడంమీదా పడింది. వాడికి ఏదైనా కావాలంటే ముందు కళ్ళు అటు తిరుగుతాయి, తర్వాత తల, ఆ తర్వాత ఒళ్ళు, ఆఖరున చెయ్యి. ఈ వరసలో చిన్న చిన్న ఎడాలు ఉంటాయి, ఆ ఎడాల్లోనే వాడి ఆలోచన కనిపిస్తుంది. అన్నీ ఒక్కసారి కదిలితే అది కీ ఇచ్చిన బొమ్మ అవుతుంది. ఇంకా బడికి వెళ్ళని పసిపిల్లలున్న ఇంట్లో దీంతోనే మొదలుపెట్టండి. హిందీ, తెలుగు ఏదీ తెలియక్కర్లేదు, పక్కన కూర్చున్న నానమ్మ విడమర్చి చెప్పక్కర్లేదు. బడి వయసు వచ్చాక దమ్యాన్, ఆ తర్వాత బాలి. అప్పటికి పిల్లలే మీకు ఢోలక్‌పూర్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారో చెబుతారు.