అర్థసంకోచం: 'బంగినపల్లి' పదంపై ఒక పరిశీలన

సంస్కృతంలో 'సంకోచం' ముడుచుకోవడాన్ని, కుదించుకుపోవడాన్ని తెలిపే పదం. తెలుగు వ్యవహారంలో అది ప్రధానంగా వెనుకాడే మనఃస్థితికి పేరుగా స్థిరపడింది. భౌతికశాస్త్ర పాఠాలలోని 'సంకోచ వ్యాకోచాలు', భాషాశాస్త్రంలోని 'అర్థసంకోచం' మాత్రం మూలార్థాన్ని నిలుపుకొన్నాయి. అర్థవిపరిణామ చర్చలో ఈ పారిభాషిక పదాన్ని ఎంత కచ్చితంగా వాడాలో బనగానపల్లె పేరు ఆధారంగా పరిశీలించవచ్చు.

అర్థసంకోచంలో కొత్త అర్థం పాత అర్థపు పరిధిలోనే ఇమడాలి. ఒకప్పుడు వస్త్రాన్ని సామాన్యంగా తెలిపిన 'చీర' నేడు స్త్రీలు కట్టే వస్త్రానికే పరిమితమైంది. స్నిగ్ధద్రవ్యమాత్రాన్ని చెప్పిన 'నెయ్యి' వెన్న కాచగా వచ్చినదానికే మిగిలింది. ఇందుకు భిన్నంగా, నువ్వుల నుండి తీసినదాన్ని చెప్పిన 'నూనె' వేరుసెనగ నూనెకు, కొబ్బరి నూనెకు కూడా వర్తించి వ్యాకోచించింది.

'బంగినపల్లి' అనగానే నేటి వ్యవహర్తకు స్ఫురించేది మామిడిపండు. 1948 వరకు సంస్థానంగా ఉన్న ఊరి పేరు ఒక పండుకు పరిమితం కావడం పైకి అర్థసంకోచంగా తోస్తుంది. ఈ నిర్ణయం నిలవదు. వస్త్రాలలో చీర ఒక రకమైనట్లు ఊరిలో పండు ఒక రకం కాదు. రెంటికీ ఉన్నది స్థలానికీ, అక్కడి ఫలానికీ ఉన్న సంబంధమే. కనుక ఇది లక్షణావృత్తిపై ఆధారపడిన అర్థసంక్రమణం. పైగా ఊరికి 'బనగానపల్లె' అనే రూపం నిలిచే ఉంది. ఆరక్షరాల పేరు పండు విషయంలో ఐదక్షరాలైంది; రూపం కుదించుకుపోవడాన్ని అర్థం కుదించుకుపోవడంగా భావించరాదు.

ఆ తరువాత జరిగినది వ్యాకోచం. నూజివీడులో కాసినా, తమిళనాడులో కాసినా ఆ రకం పండు బంగినపల్లే. సంజ్ఞావాచకం జాతివాచకమైంది.

2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ నమోదు ఊరి పేరు రూపాన్నే స్వీకరించి, ఆ పేరును నిర్ణీత ప్రాంతపు పంటతో ముడిపెట్టింది. ఎక్కడ పండినా వర్తించిన పేరు కొన్ని ప్రాంతాల పండుకే చెందడం నియమానుసారం సంకోచమే. అయితే ఇది శాసనం చేసిన సంకోచం. బజారు వాడుక దాన్ని అంగీకరించినప్పుడే అది భాషలో అర్థసంకోచంగా పరిగణనకు వస్తుంది.

సంక్రమణం, వ్యాకోచం, శాసనకృత సంకోచం అనే ఈ మూడు దశలను నిఘంటువులు వేరువేరుగా నమోదు చేయాలి. మూడింటినీ 'అర్థసంకోచం' కింద చేర్చితే, పదం నడిచిన క్రమం పాఠకునికి తెలియకుండా పోతుంది.