కొంచెమే కారుతోంది

పాత కారున్నవాళ్ల డిక్కీ తెరిస్తే స్టెప్నీ పక్కన ఒక నీళ్ల సీసా కనబడుతుంది. అది తాగడానికి కాదు, రేడియేటర్‌లో పోయడానికి. మా వినుకొండలో ఎండలు ముదిరేసరికి ఆ సీసా కాస్తా అయిదు లీటర్ల క్యాను అవుతుంది. "కొంచెమే కారుతోంది, పొద్దున పోస్తే సాయంత్రం దాకా ఢోకా లేదు" అంటూ ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చేవాళ్లు మన చుట్టూ బోలెడు మంది. మొన్న నా మారుతీ 800కి రేడియేటర్ మార్పించాను. ఆ సందర్భంగా ఈ "కొంచెం" గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంతకుముందే 2010లో, కొత్త పొగ నిబంధనల వల్ల హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో దాని అమ్మకం ఆపేశారు. చిన్న ఊళ్లలో మాత్రం మరికొన్నేళ్లు కొత్త బండి దొరికింది. నరసరావుపేట రోడ్డు మీద ఇవాళ్టికీ ఇవి తిరుగుతున్నాయంటే అదీ ఒక కారణమే. సామానుకీ కొదవ లేదు. ఇక్కడ లేకపోతే గుంటూరు, అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగర్.

నా బండికి కారింది అంచు దగ్గర. మధ్యలో అల్యూమినియం జాలీ, చివర్లలో ప్లాస్టిక్ ట్యాంకులు, రెంటికీ నడుమ రబ్బరు సీలు. వేడికి కాగి కాగి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, రబ్బరు బిరుసెక్కుతుంది. "ఏంది మాస్టారూ, ఎంసీల్ పెట్టమంటారా? ఓ ఆర్నెల్లు లాగొచ్చు" అన్నాడు మెకానిక్. దారిలో బండి ఆగిపోతే రేడియేటర్‌లో పసుపు వేసుకుని ఇల్లు చేరినవాళ్ల కథలు కూడా చెప్పాడు. పసుపు సన్న కన్నాన్ని పూడ్చే మాట నిజమే. కాకపోతే కన్నమేదో, నీళ్లు పారే సన్న గొట్టమేదో దానికి తెలియదు. రెండూ పూడుస్తుంది.

అంబాసిడర్ కాలంలో లెక్క వేరు. రాగి గొట్టాలు, ఇత్తడి ట్యాంకులు. రేడియేటర్ షాపువాడు ముందు దాని మూతులన్నీ బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి, లోపలికి గాలి కొట్టేవాడు. బుడగ ఎక్కడ లేస్తే అక్కడ సుద్దతో గుర్తు. తర్వాత బ్లో ల్యాంపుతో పైట్యాంకు ఊడదీసి, ఒక్కో గొట్టంలోకీ సన్నటి ఇనప బద్ద దూర్చి పేరుకున్న పెచ్చు రాల్చేవాడు. ఆపైన యాసిడ్ రాసి, సీసం తగరం కలిపిన కడ్డీతో మాటు వేసి, మళ్లీ తొట్టిలో ముంచి చూసేవాడు. బుడగ లేకపోతే పని అయినట్టు. ఎంతసేపు చూసినా విసుగు పుట్టని పని అది. ప్రపంచంలో 1970ల నుంచి అల్యూమినియం రేడియేటర్లు పుంజుకున్నాయి. బరువు తగ్గింది, ఖరీదు తగ్గింది. ఆ ప్లాస్టిక్ అంచుకి మాటు పడదు, మార్చుకోవాల్సిందే. పాత పనితనం పోయిందని నాకూ బాధే. అయినా అల్యూమినియానికి ఎంసీల్ పూసి దాన్ని రిపేరు అనడం నాకు నచ్చదు.

అసలు విషయం నీళ్లది. 1888లో బెర్తా బెంజ్ తన భర్త కనిపెట్టిన కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. ఆ బండికి రేడియేటర్ లేదు. నీళ్లు ఇంజన్ వేడికి మరిగి ఆవిరైపోయేవి, ఆమె దారిపొడవునా పోసుకుంటూ వెళ్లింది. తేనెపట్టు లాంటి గదుల రేడియేటర్‌ని ఇంజనీరు మేబాక్ 1900లో మెర్సిడెస్ కోసం తయారుచేశాక ఆ బెడద తీరింది. అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. లీకు బండిలో రోజూ నీళ్లు పోస్తున్నామంటే మళ్లీ 1888కి వెళ్లిపోయామన్నమాట.

మనం పోసేవి ఎలాంటి నీళ్లు? పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ దాని చలవే. మన బోరు నీళ్లలో సబ్బు సరిగ్గా నురగ కట్టదు. అవి కాగితే అందులోని సున్నం గొట్టాల గోడలకి పట్టేస్తుంది. లీకు లేని బండిలో ఒకసారి పోసిన నీళ్లలో ఉన్నంత సున్నమే పేరుకుని ఆగిపోతుంది. లీకున్న బండిలో ప్రతి సీసాతోనూ కొత్త సున్నం దిగుతుంది. ఆవిరి బయటికి పోతుంది, సున్నం లోపలే ఉంటుంది. "కొంచెమే" కారడం ఇంజన్‌కి చేసే కీడు ఇదీ.

పైగా మన ఎండలు. రెంటచింతల పేరు వేసవిలో వాతావరణ వార్తల్లో వినని తెలుగువాడు ఉండడు. బయట 25 డిగ్రీలున్నప్పుడు 95 దగ్గరున్న నీళ్లకీ గాలికీ 70 డిగ్రీల తేడా. బయట 45 అయితే ఆ తేడా 50కి పడిపోతుంది, చల్లబడటమూ ఆ మేరకు తగ్గుతుంది. అప్పుడు సున్నం పట్టిన గొట్టాలతో గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కాలంటే హెడ్ గాస్కెట్ మీద ఆశ వదులుకోవాలి.

రేడియేటర్ మార్చే పని పెద్దదేం కాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడిలో ఉన్న నీళ్లు మరిగి మొహాన చిమ్ముతాయి. కిందికి దించిన పాత కూలెంట్‌ని తొట్టిలో పట్టాలి, కాలవలోకి వదలకూడదు. అది తియ్యగా ఉంటుంది, విషం, కుక్కలు నాకి చస్తాయి. హోస్ పైపులు, క్లిప్పులు, మూత కూడా కొత్తవి వేయించాలి. మూతలో స్ప్రింగు సడలితే లోపల ఒత్తిడి నిలవదు, నీళ్లు తొందరగా మరుగుతాయి. ఆ వంద రెండొందల దగ్గర పిసినారితనం వద్దు. కొత్తది బిగించే ముందు ఇంజన్ లోపలి మడ్డి కడిగించాలి. కూలెంట్ పోశాక మూత తీసి ఉంచి, ఫ్యాను తిరిగేదాకా ఇంజన్ నడిపి గాలి వెళ్లగొట్టాలి. థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేస్తే చల్లగా ఉంటుందని కొందరు చెబుతారు. వినకండి, ఇంజన్ సరిగ్గా వేడెక్కక పెట్రోలు తాగుతుంది.

"మనకేమన్నా మంచు కురుస్తుందా, కూలెంట్ ఎందుకు?" అనే ప్రశ్న కూడా వినిపిస్తుంది. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. లోహాన్ని తుప్పు తినేయకుండా కాపాడుతుంది, నీళ్లు మరిగే డిగ్రీని పెంచుతుంది. ఆ రెండూ మనకే ఎక్కువ అవసరం.

వినుకొండ మెకానిక్ సోదరులకి ఒక విన్నపం. షెడ్డు ముందున్న బోరు నీళ్ల డ్రమ్ము చేతులు కడుక్కోవడానికి ఉంచండి. రేడియేటర్‌లో కూలెంట్‌తో కలపడానికి పక్కనే ఒక బ్యాటరీ నీళ్ల క్యాను పెట్టండి. దాని డబ్బులు బిల్లులో రాయండి, మేం ఇస్తాం.