గోదావరి పాత పడవలు: బాగుచేత విద్య

కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొని సాగే గోదావరిని సముద్రం దాకా పడవలు నడిచే జలమార్గంగా మార్చాలన్న సర్ ఆర్థర్ కాటన్ సంకల్పంతో 19వ శతాబ్దంలో దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి దగ్గర మొదలైన పనులు 1871లో నిలిచిపోయాయి. పథకం ఆగినా నది మాత్రం కలపకు దారిగానే ఉండిపోయింది. పచ్చి టేకు నీట మునుగుతుంది కాబట్టి చెట్టు నిలువునా ఉండగానే మొదలు చుట్టూ గాటు పెట్టి ఎండనిచ్చి, ఆ తరువాత నరికి, దుంగలను తెప్పలుగా కట్టి దిగువకు వదలడం టేకు వ్యాపారంలో పాత పద్ధతి. గోదావరి ముఖద్వారంలోని కోరంగి, తాళ్లరేవు ప్రాంతం తెరచాప ఓడల నిర్మాణానికి పేరుపొందడానికి ఎగువ అడవుల కలప అందుబాటులో ఉండటం ఒక ముఖ్య కారణం.

ఇటువంటి చెక్క పడవ ఆయువు దాన్ని కట్టినవారి కంటే బాగుచేసేవారి చేతిలోనే ఎక్కువగా ఉంటుంది. ఒడ్డుకు లాగిన పడవను ఎండకు వదిలేస్తే పలకలు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి గనుక ముందుగా నీడ కల్పించి, ఆపై చిన్న సుత్తితో ప్రతి పలకనూ తట్టి చూస్తారు. చేవగల కట్టె ఖంగుమంటుంది, పుచ్చిన చోట శబ్దం మందగిస్తుంది. ఇనుప మేకు తుప్పు పట్టినప్పుడు చుట్టూ ఉన్న కట్టెను కూడా తినేస్తుంది కాబట్టి, అదే రంధ్రంలో కొత్త మేకు దిగ్గొట్టకుండా పాత రంధ్రాన్ని కొయ్య మేకుతో మూసి పక్కన బిగించడం మంచిది. పుచ్చిన భాగాన్ని మాత్రమే కోసి, కొత్త ముక్కను ఏటవాలు అతుకుతో, అంటే రెండు కొనలనూ వాలుగా చెక్కి ఒకదానిపై ఒకటి కూర్చే పద్ధతిలో, కలుపుతారు.

అసలు నేర్పు సందులు పూడ్చడంలో కనిపిస్తుంది. పాత నారను గీకి తీసి, నూనెలో నానిన కొత్త నారను మొద్దు ఉలితో దట్టించి, పైన నూనెలో కరిగించిన గుగ్గిలం, అంటే చెట్టు బంక, పూస్తారు. నార వదులైతే నీరు ఊరుతుంది. మరీ బిగిస్తే కట్టె ఉబ్బినప్పుడు పలకలే మేకుల నుంచి ఊడివస్తాయి. ఈ హద్దు చేతికే తెలియాలి, పుస్తకం చెప్పలేదు. నీట దించిన కొత్తలో పడవలోకి కొద్దిగా నీరు రావడం లోపం కాదు, నానిన పలకలు ఉబ్బి సందులను తామే మూసుకుంటాయి.

కోస్తాలోని మసూలా పడవలకు మేకులే ఉండవు. కొబ్బరి తాళ్లతో పలకలను కుట్టడం వల్ల అలల తాకిడికి పడవ విరగకుండా వంగుతుంది, బాగుచేయడమంటే అక్కడ కుట్టు విప్పి మళ్లీ కుట్టడమే.

టేకు ఎంత కాలం నిలుస్తుందనేదానికి 1817లో బొంబాయిలో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక తిరుగులేని సాక్ష్యం. పునరుద్ధరణ తరువాత అది ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నేటికీ నీటిపై నిలిచి ఉంది. గోదావరి పడవలకు అంతటి వ్యయం అక్కరలేదు. అయితే సంప్రదాయ పడవలు ఎక్కువగా కాగితంపై నమూనా లేకుండా కంటి అంచనాతో కట్టినవి కనుక, ఒక్క పలకనైనా విప్పక ముందే ఒడలి వంపులను, తెరచాప స్తంభం కూర్చున్న చోటును, చుక్కాని అమరికను కొలిచి గీసి ఉంచడం తప్పనిసరి.