ఆదివారానికి పది శాతం

హోటల్ మెనూని సాహిత్య విమర్శకి పనికొచ్చే పాఠ్యంగా చదవచ్చా అని ఎవరైనా అడిగితే, చదవాలనే అంటాను. వంటింటి గురించి మనం చాలా రాసుకున్నాం. విమల ‘వంటిల్లు’ కవిత, పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ చదివినవాళ్లు ఆ గదిని మళ్లీ మామూలు గదిలా చూడలేరు. అయితే ఆ వంటిల్లు వీధిలోకొచ్చి, బల్లలేసుకుని, బిల్లు చేతికివ్వడం మొదలుపెట్టాక స్త్రీ శ్రమ ఏమవుతోంది? మాయమవుతోందా, కనబడుతోందా, వేరే పేరేదైనా పెట్టుకుంటోందా? నా చేతికొచ్చిన ఒక మెనూ ఈ ప్రశ్నకి ఒకదానికొకటి పొసగని రెండు జవాబులు ఒకే కాగితం మీద చెప్పింది.

అది మెల్‌బోర్న్ నగరంలో, బ్రన్స్‌విక్ ప్రాంతంలో, సిడ్నీ రోడ్డు ట్రామ్ లైనుకి దగ్గర్లో ఉన్న చిన్న రెస్టారెంటు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడింటిదాకా మాత్రమే తెరిచి ఉంటుంది. థాయ్ రుచులు కలిపిన బ్రంచ్ పెడతారు. మా అమ్మాయి దగ్గర రెండు నెలలున్నప్పుడు మూడు ఆదివారాలు అక్కడికి వెళ్లాను. “ఆదివారం నేను వండను, నువ్వూ వండొద్దమ్మా” అనేది ఆ ఇంటి నియమం.

మెనూ మొదటి పేజీలో నాలుగు వాక్యాలున్నాయి. ఈ వంటలన్నీ తమ అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చాయనీ, ఆవిడ తెల్లారకముందే లేచి రోట్లో దంచేదనీ, ప్రతి ముద్దలోనూ ఆవిడ ప్రేమ ఉందనీ వాటి సారాంశం. చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: ఆదివారాల్లో బిల్లు మీద పది శాతం అదనం. మొదటి వాక్యాలు చదివి అందరూ ముచ్చటపడతారు, చివరి వాక్యం చదివి మొహం చిట్లిస్తారు. నాకు మాత్రం ఆ మెనూలో స్త్రీవాదానికి దగ్గరగా ఉన్న వాక్యం ఆ చివరిదేననిపించింది. ఎందుకో చెప్తాను.

అంతకంటే ముందు తిండి సంగతి చెప్పాలి. రుచి ఊసెత్తకుండా సిద్ధాంతం మాత్రమే చెప్తే వండినవాళ్లకి అన్యాయం చేసినట్టే. ‘జోక్’ అని బియ్యపు జావ ఉంది. బియ్యం పూర్తిగా కరిగిపోయేదాకా ఉడికించి, పైన అల్లం తురుము, ఉల్లికాడలు, సగం ఉడికిన గుడ్డు వేసిస్తారు. జ్వరం వచ్చినప్పుడు మనం తాగే జావకి దగ్గర చుట్టం. కడుపులోకి వెచ్చగా దిగింది, ఏ లోపమూ లేదు. ‘ఖై జియావ్’ అనే ఆమ్లెట్‌ని మనలాగా పెనం మీద పల్చగా పరచరు. గుడ్డులో చేప సాసు కలిపి, నురగొచ్చేదాకా గిలక్కొట్టి, బాగా కాగిన నూనెలో పోస్తారు. పూరీలా పొంగి అంచులు కరకరలాడతాయి. ఇక్కడ అందులో పీత మాంసం పెట్టి 26 డాలర్లు తీసుకున్నారు. ‘పాతోంగ్‌కో’ అని చైనీయుల నుంచి థాయ్ వీధుల్లోకొచ్చిన పిండి వేపుడు కూడా ఉంది. పాందాన్ ఆకు రసంతో చేసిన ఆకుపచ్చటి తీపి కస్టర్డ్‌లో ముంచుకుని తినాలి. మూడు ఆదివారాలూ అది తెప్పించుకున్నాను.

నిరాశపరిచింది ‘సోమ్‌తామ్’. ఇది లావోస్‌లోనూ, థాయిలాండ్ ఈశాన్యాన ఉన్న ఇసాన్ ప్రాంతంలోనూ రోజూ తినే వంటకం. సోమ్ అంటే పులుపు, తామ్ అంటే దంచడం. వెల్లుల్లి, మిరపకాయలు, తాటిబెల్లం, నిమ్మరసం, చేప సాసు, పచ్చి బొప్పాయి తురుము మట్టి రోట్లో వేసి కర్ర రోకలితో దంచుతారు. ఆ దెబ్బలకి బొప్పాయి కమిలి పులుపునీ కారాన్నీ లోపలికి పీల్చుకుంటుంది. నా పళ్లెంలో బొప్పాయి తురుము గాయం లేకుండా నిటారుగా నిలబడి ఉంది. రసం దాని మీంచి జారి అడుక్కి చేరింది. పేరులోనే దంచడం ఉన్న వంటకాన్ని గిన్నెలో గరిటెతో కలిపారన్నమాట! మొదటి పేజీలో అమ్మమ్మ దంచుతూనే ఉంది, వంటింట్లో మాత్రం రోలు లేదు.

ఇది మోసమని రాసి ఊరుకోవచ్చు. కానీ రోలు ఎందుకు పోయిందన్నదే అసలు ప్రశ్న. ఒక్కో పళ్లేనికి సోమ్‌తామ్ విడిగా దంచాలంటే ఒక మనిషి రోలు దగ్గరే నిలబడాలి. ఆ మనిషికి గంటకింత అని కూలి కట్టివ్వాలి. శ్రమకి ధర కట్టిన క్షణాన రోలు ఖరీదైన వస్తువైపోయింది. అమ్మమ్మ వంటింట్లో రోలు తరాల తరబడి నిలిచిందంటే, దాన్ని నిలబెట్టింది రుచి ఒక్కటే కాదు. అక్కడ గంటలు ఎవరూ లెక్కపెట్టలేదు.

మన ఇళ్లల్లో “ఎంత చెప్పు, రోట్లో నూరిన పచ్చడి రుచి మిక్సీలో రాదు” అనే మాట వినని ఆడది ఉండదు. ఆ మాట అనేవాళ్లలో నూరేవాళ్లు ఎంతమంది? రుచి విషయంలో ఆ మాట నిజమే. నేనూ ఒప్పుకుంటాను. కానీ ‘అసలైన రుచి’ అనే డిమాండులో ఒక పాలు నాలుకదైతే, ఇంకో పాలు కూలి ఇవ్వనక్కర్లేని చేతులది. సంప్రదాయం, ప్రామాణికత, చేతి మహిమ లాంటి మాటలు విన్నప్పుడల్లా అందులో ఎన్ని గంటలున్నాయో అడగాలి. బొప్పాయిని గిన్నెలో కలిపిన ఆ రెస్టారెంటు రుచిలో ఓడిపోయింది. అయితే ఆ గంటలకి ధర ఉందని మాత్రం దాచలేకపోయింది.

ఇక ఆదివారం సంగతి. బ్రంచ్ అనే మాటని ఇంగ్లండులో గై బెరింగర్ అనే రచయిత 1895లో ఒక పత్రికా వ్యాసంతో ప్రచారంలోకి తెచ్చాడు. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా గడిపినవాళ్లు ఆదివారం పొద్దున్నే లేవనక్కర్లేదనీ, చర్చి తరవాతి బరువైన భోజనం బదులు ఆలస్యంగా, తేలిగ్గా తినొచ్చనీ ఆయన వాదన. పుట్టుకతోనే అది తినేవాళ్ల తీరిక. ఒకరు ఆలస్యంగా లేవాలంటే ఇంకొకరు పెందరాళే లేవాలి. ఆ ఇంకొకరి సంగతిని ఆస్ట్రేలియా కార్మికోద్యమం చట్టంలోకి ఎక్కించింది. అక్కడ రెస్టారెంట్లలో పర్మనెంటు పనివాళ్లకి ఆదివారం గంటకి మామూలు కూలికి ఒకటిన్నర రెట్లివ్వాలి. మెనూ అడుగున ఉన్న పది శాతం అందుకే. ఈ హక్కు ఏమంత భద్రంగానూ లేదు. 2017లో ఫెయిర్ వర్క్ కమిషన్ హోటళ్లు, చిల్లర దుకాణాలు, ఫాస్ట్‌ఫుడ్, మందుల షాపుల్లో ఆదివారపు అదనపు కూలిని తగ్గిస్తూ తీర్పిచ్చింది. యూనియన్లు గట్టిగా వ్యతిరేకించాయి.

రెండో ఆదివారం నాకు జావ తెచ్చిపెట్టినమ్మాయి మా మాటలు విని, “తెలుగువాళ్లా ఆంటీ?” అంది. ఖమ్మం వైపు అమ్మాయి, అక్కడ ఎమ్మెస్ చదువుతోంది. విద్యార్థులకి చదువు జరుగుతున్న రోజుల్లో రెండు వారాలకి 48 గంటలకి మించి పని చెయ్యకూడదన్న పరిమితి 2023 జులై నుంచి ఉంది. అందుకే ఏ గంటకి ఎక్కువొస్తుందో ఆ గంట కోసం పోటీ. “ఆదివారం షిఫ్టంటే మేం కొట్టుకుంటాం ఆంటీ. మా అమ్మకి చెప్తే నమ్మలేదు. ఆదివారం చేస్తే ఎక్కువిస్తారా, ఎవరే ఇది కనిపెట్టిందీ అని ఒకటే నవ్వు” అంది. అంతకుముందు ఇంకోచోట చేసినప్పుడు లెక్కాపత్రం లేకుండా చేతికి నగదిచ్చేవాళ్లట, ఆదివారమైనా అదే రేటట. తెలిసి తెలిసి కూలి ఎగ్గొట్టడం ఆ దేశమంతటా నేరమైంది 2025 జనవరి 1 నుంచే. కాబట్టి ఆ పది శాతం ఎప్పుడూ వంటింటి దాకా చేరుతుందని నేననను. మెనూలో అచ్చయిన వాక్యం ఒక ఒప్పుకోలు మాత్రమే. కానీ ఒప్పుకోలుకి విలువుంది. రాసి ఉన్నదాన్ని చూపించి అడగొచ్చు.

ఆ తల్లి నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆదివారం మన ఇళ్లల్లో పని తగ్గుతుందా, పెరుగుతుందా? లేటు టిఫిను, పెసరట్టుప్మా, మధ్యాహ్నానికి కోడికూర, గారెలు, సాయంత్రానికి చుట్టాలు. మన దేశంలో ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024 సర్వేకి ఆడవాళ్ల లెక్క 289 నిమిషాలకి దిగింది. సంతోషించబోయేలోపు మగవాళ్ల లెక్క చూశాను, అదీ 88కి దిగింది! ఆదివారానికి ఒకటిన్నర రెట్లు అనే మాట ఈ నిమిషాలకి ఎవరు కడతారు?

మళ్లీ మెనూ మొదటి పేజీకొస్తే, అక్కడున్న అమ్మమ్మకి ప్రేమ ఉంది, పేరు లేదు. థాయ్ సంప్రదాయం అలా పేర్లు చెరిపేసేదా అంటే, కాదు. అక్కడ వంటామెని ‘మే ఖ్రువా’ అంటారు, అక్షరాలా వంటింటి తల్లి. 1908లో అచ్చవడం మొదలైన ‘మే ఖ్రువా హువా పా’ అనే ప్రసిద్ధ వంటల పుస్తకం రాసింది ప్లియన్ ఫాసకొరవొంగ్ అనే స్త్రీ. చనిపోయినవాళ్ల స్మృతిగా దహన సంస్కారం నాడు పుస్తకం పంచే ఆచారం కూడా అక్కడుంది. చాలామంది ఆడవాళ్ల స్మృతి పుస్తకాల్లో వాళ్లు వండిన వంటల తయారీ అచ్చవుతుంది. ఆస్ట్రేలియాకి చెందిన డేవిడ్ థాంప్సన్ అలాంటి పుస్తకాలు సేకరించి, వాటిలోంచి నేర్చుకుని వండాడు. లండన్‌లో ఆయన రెస్టారెంటుకి 2002లో మిషెలిన్ స్టార్ వచ్చింది. ఆ అప్పుని ఆయన దాచుకోలేదు, అది గౌరవించాల్సిన విషయమే. అయినా లోకం లెక్క ఎలా ఉందో చూడండి. ఆమె వంట ఆమె చచ్చిపోయాక పంచిపెట్టే పుస్తకమవుతుంది, అతని వంటకి బతికుండగానే నక్షత్రం దొరుకుతుంది. మనకిది కొత్తేం కాదు. గొప్ప వంటని నలభీమపాకం అంటాం. ఇద్దరు మగవాళ్ల పేర్లు! ద్రౌపదికి దక్కింది అక్షయపాత్ర. ఆవిడ తినేదాకా అందరికీ వడ్డిస్తుంది, ఆవిడ తిన్నాక ఆ పూటకి ఖాళీ. అంటే అందరికంటే ఆఖర్న తినడమే ఆవిడ మహిమ.

దీనికి ఎదురునిలిచిన మనిషి కూడా అదే థాయ్ వీధుల్లో ఉంది. బ్యాంకాక్‌లో ‘జే ఫై’గా పేరుపడ్డ సుపిన్యా జున్సుతా బొగ్గుల పొయ్యి ముందు కళ్లకి పెద్ద అద్దాలు తగిలించుకుని పీత ఆమ్లెట్లు స్వయంగా వేసింది. 2017 డిసెంబరులో బ్యాంకాక్‌కి మొట్టమొదటిసారి మిషెలిన్ గైడు వచ్చినప్పుడు ఆవిడ కొట్టుకి స్టార్ దక్కింది. అప్పటికి ఆవిడ డెబ్బై దాటిన మనిషి. వీధి ఆమ్లెట్‌కి అంత ధరా అని ఆవిడ మీద విమర్శ ఉంది. ఆ విమర్శ వెనక ఆడమనిషి చేతివంట చవగ్గా ఉండాలన్న పాత లెక్క నాకు కనబడుతుంది. బొగ్గు, మంట, చెయ్యి అన్నీ అసలైనవే కావాలంటే వాటికి ఇంత అవుతుందని ఆవిడ చెప్పింది. ప్రేమ ఉందా లేదా అన్నది ఆవిడ సొంత విషయం.

అంచేత నా విమర్శ ఆ రెస్టారెంటు సోమ్‌తామ్ మీద కంటే దాని మొదటి పేజీ మీద ఎక్కువ. ‘అమ్మమ్మ ప్రేమ’ అని రాసుకోవడానికి ఖర్చు లేదు. ఆ మాటలకి ఇరవయ్యారు డాలర్లు వసూలు చేసుకుంటున్నప్పుడు ఆవిడ పేరైనా రాయాల్సింది. ఇది మన రాతలకీ వర్తిస్తుంది. అమ్మల, నాయనమ్మల వంట గురించి మనం ఎంతో ఆర్ద్రంగా రాస్తాం. గోంగూర, ఉలవచారు, పొయ్యి పొగ, ఆ కమ్మటి వాసన అన్నీ వస్తాయి. ఇకమీద ఇంకో మూడు సంగతులు కూడా రాద్దామని నా ప్రతిపాదన. ఆమె పేరేమిటి, ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి తింది? మొదటి రెండూ ఎవరినైనా అడిగితే దొరుకుతాయి. మూడోది ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు ఆ ఖాళీని కమ్మటి వాసనతో పూడ్చకుండా, ఎవరికీ గుర్తులేదనే రాద్దాం.