పద్నాలుగో అంకె

మా వీధి చివర ఉండే అమ్మాయి ఎనిమిది వేలిచ్చి తెలుగు దిద్దించుకుంది. ఈ వారం నాకు ఇంతకుమించిన సంతోషం ఇంకోటి లేదు.

ఆ అమ్మాయి విద్యానగర్‌లో ఇంజినీరింగ్ చదివింది. మద్రాసులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి మా ఊరు కోటకు తిరిగొచ్చింది. వాళ్లమ్మతో కలిసి ఒట్టి చేపల వ్యాపారం పెట్టింది. కొత్తపట్నం, తూపిలిపాలెం వైపు నుంచి సరుకు తెచ్చి, ఎండబెట్టి, ప్యాకెట్లు కట్టి బెంగళూరు, హైదరాబాదు పంపుతుంది. మొన్న వెబ్‌సైట్ పెట్టింది. ఫొటోలకు పాతిక వేలు, లోగోకు ఆరు వేలు. తెలుగు మాత్రం ఊరికే వచ్చింది. ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని అనువాద యంత్రంలో పడేస్తే నెత్తళ్లు ఆంకోవీలయ్యాయి. నిల్వకు మందులేమీ కలపలేదని చెప్పాల్సిన చోట ‘సంరక్షకులు లేరు’ అని పడింది. అది చూసి నేను బాధపడుతుంటే ఆ అమ్మాయే, “పెదనాయనా, హైదరాబాదులో ఒక ఎడిటర్ మేడమ్‌కి ఇచ్చాను, వారంలో బాగుచేసి ఇస్తానన్నారు” అంది.

ఈ కాలమ్ మొదట్నుంచీ చదివేవాళ్లకు నా గోల తెలుసు. కొబ్బరికాయ కొట్టేవాడికి డబ్బులిస్తాం, షామియానా వేసేవాడికి ఇస్తాం, అక్షరం దిద్దేవాడికి మాత్రం “ఒక్కసారి చూసిపెట్టండి సార్” అంటాం. తెలుగు మన ఇంట్లోదే కదా, దానికి వేరే మనిషెందుకని మన లెక్క. ఈ లెక్క తప్పని రెండు వందల ఏళ్ల కిందటే ఒక దొరకు తెలిసింది. సి.పి. బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితుల్ని పెట్టుకుని సొంత జేబులోంచి జీతాలిచ్చాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని రాతప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టించి, ఏ పాఠం సరైనదో తేల్చి శుద్ధప్రతి రాయించాడు. జూలూరి అప్పయ్య లాంటి పండితులు ఆ పనిలో ఏళ్లకేళ్లు కూర్చున్నారు. బ్రౌన్ అందుకోసం అప్పులు కూడా చేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చులోకి వచ్చాయంటే దాని వెనక దిద్దే పనికి కూలి కట్టిన మనిషి ఉన్నాడు. అలాంటి పని మా కోటలో ఒక చేపల కొట్టుకు జరుగుతోందంటే సంబరపడనా?

మంగళవారం దిద్దిన ప్రతి వచ్చింది. ప్రింటు తీయించి, ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నాను. రెండో పేజీకొచ్చేసరికి సంబరం కాస్తా కోపమైంది.

‘ఒట్టి చేపలు’ అలాగే ఉంది. పుస్తకంలో ‘ఎండు చేపలు’ కదా రాయాల్సింది! ‘మా అమ్మే ఉప్పు పట్టిస్తాది’ అని ఉంది. పట్టిస్తాది ఏమిటి? ‘పొద్దు గూకేలోపల తీసేస్తాం’, ‘నిమ్ము తగలనియ్యం’, అంతా మా వాకిట్లో మాటలే. గీతలు పెడుతూ పోయాను. లెక్కపెడితే ఇరవై రెండు. ఎనిమిది వేలు తీసుకుని ఇన్ని తప్పులు వదిలేస్తారా అని, ఈ వారం కాలమ్ ఆ ఎడిటర్ మీదే రాయాలని తీర్మానించుకున్నాను. కావలి నుంచి వచ్చిన కథకుడు ఖదీర్ బాబు పుస్తకం పేరు ‘దర్గామిట్ట కతలు’ అని నాకు తెలుసు. ఆ ‘కతలు’ను ఎవరైనా ‘కథలు’ చేసుంటే పుస్తకం ప్రాణం అక్కడే పోయేదని నేనే ఇంతకుముందు ఇక్కడ రాశాను. అయితే కథకు చెల్లింది అంగట్లో చెల్లదని నా నమ్మకం. కొనేవాడి ముందు ఇస్త్రీ చొక్కాతో నిలబడాలనుకునేవాణ్ణి.

‘పట్టిస్తాది’ మీద పెట్టిన గీత మళ్లీ చూస్తుంటే నెల్లూరు గుర్తుకొచ్చింది.

ట్రంకు రోడ్డుకు నాలుగడుగుల లోపల ఒక ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. చేత్తో కంపోజు చేసే రోజులు. కంపోజిటర్ ఎడంచేతిలో స్టిక్కు పట్టుకుని గళ్లపెట్టెలోంచి ఒక్కో అక్షరం ఏరి పేర్చేవాడు. ఒత్తులు వేరే గళ్లలో ఉండేవి. పేజీ అయ్యాక పురికొసతో కట్టి, సిరా రోలరు తిప్పి, తడికాగితం వేసి నొక్కి తీసిన ప్రూఫు నా బల్ల మీదికొచ్చేది. అంచు మీద గుర్తులు పెట్టి పంపితే, అతను చిమటాతో తప్పు అక్షరం లాగి కొత్తది దూర్చేవాడు. ఒక తప్పు దిద్దడమంటే ఒక మనిషి వంగి సీసపు ముక్క పీకడం. అందుకే అనవసరంగా గీత పెట్టకూడదని మా పెద్దాయన చెప్పేవాడు. నేను వినలేదు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, వ్యాకరణం కొత్తగా వచ్చిన వయసు.

ఒకరోజు ఒకాయన కార్డులు వేయించడానికి వచ్చాడు. చేతులు చూస్తే పడవ మనిషి. నోటుబుక్కు కాగితం మీద పెన్సిల్‌తో నాలుగు లైన్లు: మా అమ్మ పోయింది. శుక్రవారం దినం. అన్నం పెడతాన్నాం, అందరూ రండి. కింద ఊరి పేరు. నేను జాలిపడి బాగుచేశాను. ‘మా మాతృమూర్తి శివసాయుజ్యం పొందినందున ఉత్తరక్రియలకు తాము విచ్చేసి’ అని మొదలుపెట్టి చక్కగా నడిపించాను. ఒక్క అచ్చుతప్పు లేదు. రెండు వందల కార్డులు వేశాం.

ఆయన వచ్చి ఒక కార్డు తీసి, పెదాలు కదుపుతూ మెల్లగా చదివాడు. రెండోసారి చదివాడు. “ఇది మా అమ్మ గురించి మాదిరి లేదు సార్, ఎవరో గొప్పింటామె గురించి ఉండాది” అన్నాడు. కోపంగా అనలేదు. డబ్బులిచ్చి, కార్డులు టవల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వేసిస్తానని అనాల్సింది, అనలేదు. నలభై ఏళ్లు దాటినా ఆ టవల్ మూట నా కళ్ల ముందే ఉంది.

ఎర్రపెన్ను పక్కన పెట్టి, ఆ ఎడిటర్ ప్రతికి చివర జతచేసిన కాగితాలు అప్పుడు చదివాను. పదకొండు ప్రశ్నలున్నాయి.

‘ఏడాది పొడవునా తాజా సరుకు అన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం కదా? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ తీరంలో వానలు కదా? అప్పుడేం అమ్ముతారు?’ దీనికి వాళ్లమ్మ ఫోన్లో చెప్పిన జవాబును ఆమె ఒక్క మాట మార్చకుండా పేజీలో పెట్టింది: ముసురు పట్టిందంటే ఎండబెట్టం, నిమ్ము చేప తింటే కడుపు చెడతాది, ముందు ఎండినవి ఉంటే ఇస్తాం, లేకుంటే లేవని చెప్తాం. ‘సంప్రదాయ పద్ధతి అంటే ఏం చేస్తారు?’ అని ఇంకో ప్రశ్న. సంప్రదాయం అనే మాట పోయి, అక్కడ వలపట్టా మీద ఎండబెట్టే సంగతి వచ్చింది: ఇసక మీద ఎయ్యం, ఇసకలో ఎండింది ఎంత కడిగినా పంటికింద కరకరమంటాది. అడ్రసులో ఒకచోట నెల్లూరు జిల్లా, ఒకచోట తిరుపతి జిల్లా ఉందని పట్టుకుంది. మా మండలానికి జిల్లా మారిన సంగతి హైదరాబాదులో కూర్చుని గమనించింది.

తొమ్మిదో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. ‘ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరుకు 14 అంకెలుండాలి. ఇక్కడ 13 ఉన్నాయి. సర్టిఫికెట్ చూసి చెప్పండి.’

ఆ నంబరున్న పేజీ నేను మూడుసార్లు చదివాను. దాని కింది లైన్లోనే ‘ఉండాది’ని ‘ఉంది’గా దిద్దాను. అదే నంబరు వచ్చే వారం ఐదు వేల ప్యాకెట్ల మీద అచ్చు కావాల్సింది.

తెలుగుకు మెరుగు పెట్టేవాడికి డబ్బులివ్వాలని ఇన్నేళ్లుగా రాస్తున్నాను. ఆ ‘మెరుగు’ను వెనక్కి తీసుకుంటున్నాను. డబ్బులివ్వాలన్న మాట మాత్రం వదలను. బ్రౌన్ పండితులు పది ప్రతులు ముందేసుకుని చేసిన పని కూడా మొదట అడగడమే: ఇది నిజంగా ఆ కవి అన్నదేనా అని. నునుపు చేయడం యంత్రానికీ వచ్చు, అచ్చుతప్పులు లేని అబద్ధం అది క్షణంలో రాసిపెడుతుంది. ముసుర్లో ఎండ ఎక్కణ్ణుంచి వస్తుందని అది అడగలేదు. నేనూ అడగలేదు, ఇక్కడే పుట్టి, ఇక్కడే ముసుర్లో తడిసి. ఆ ఎనిమిది వేలు ఆ ప్రశ్నలకు. నన్నడిగితే ఇంకో రెండు వేలు ఇచ్చినా తక్కువే.

నా ఇరవై రెండింటినీ మళ్లీ చూశాను. నిజంగా తప్పులు రెండే. ‘రవాణా’ ఒకచోట ‘రవానా’ అయింది, ఇంకోచోట ‘కిలో’ రెండుసార్లు పడింది. సాయంత్రం ఫోన్ చేసి ఆ రెండూ చెప్పాను.

“మేడమ్‌కి చెప్తాను పెదనాయనా. ఇంకేమన్నా ఉండాయా?”

“ఇంకేం లేవు మ్మా. అమ్మ మాటలు మాత్రం కదిలించొద్దను” అన్నాను.